ఒక్కసారే అడుగుతారు

బెగిమాయ్‌కి వాళ్లమ్మ నేర్పిన మర్యాదల్లో మొట్టమొదటిది వద్దనడం. ఎవరింటికి వెళ్లినా, ఏం పెట్టినా, మొదటిసారి వద్దనాలి. రెండోసారి ఇంకాస్త మెత్తగా వద్దనాలి. మూడోసారి ఇంటావిడ చెయ్యి పట్టుకుని లాగితే అప్పుడు, మీరింతగా అంటున్నారు కాబట్టి సరేనని కూర్చోవాలి. కొండల నడుమ ఆమె పుట్టిన నారిన్ ఊళ్లో ఇది తెలియని పిల్ల ఉండదు. పిలిచేవాళ్లకూ తెలుసు, పిలిపించుకునేవాళ్లకూ తెలుసు. మూడోసారి అడగని ఇంటికి ఎవరూ వెళ్లరు. మొదటిసారికే ఒప్పేసుకున్న పిల్లను చూసి ముసలమ్మలు ముక్కున వేలేసుకుంటారు.

అలాంటి పిల్లను తెచ్చి మిన్నెసోటాలో పడేశారు. ఇక్కడి జనం మంచివాళ్లే, కాదనను. వెనక ఎవరైనా వస్తుంటే తలుపు పట్టుకుని నిలబడతారు. ముక్కూ మొహం తెలియని మనిషిని కూడా ఎలా ఉన్నావని అడుగుతారు. మంచులో కారు ఇరుక్కుంటే పారలు పట్టుకుని పరిగెత్తుకొస్తారు. కానీ ఏదైనా ఒక్కసారే అడుగుతారు. వద్దంటే వద్దనే అనుకుంటారు. మళ్లీ అడిగితే ఎదుటివాళ్లను ఇబ్బంది పెట్టినట్టని వీళ్ల లెక్క. ఆ పిల్ల మొహమాటం, వీళ్ల మర్యాద ఒకదాన్నొకటి చూసుకోకుండా పక్కపక్కనే నడిచిపోయాయి. మధ్యలో నలిగింది బెగిమాయ్.

తండ్రి నారిన్ నుంచి రాజధాని బిష్కెక్‌కి వ్యాన్ నడుపుతాడు. తల్లి పేరు జూరా, బడిలో వంట చేస్తుంది. చిన్నప్పుడు సెలవుల్లో బెగిమాయ్ తండ్రి పక్క సీట్లో కూర్చుని, కొండదారిలో వ్యాన్ ఆగిన చోటల్లా దిగి రాళ్లు ఏరుకునేది. ఆ రాళ్ల పిచ్చే ఆమెను ఇంత దూరం తెచ్చింది. చదువూ తిండీ అన్నీ మేమే చూసుకుంటాం రమ్మని ఇక్కడి కాలేజీ వాళ్లు పిలిచారు, వచ్చింది. రాయిని కాగితం కంటే పల్చగా కోసి మైక్రోస్కోపు కింద పెడితే, బయటికి బూడిదరంగు బండముక్క అనిపించింది కాస్తా లోపల నెమలి ఈకలా వెలిగింది. అది మొదటిసారి చూసిన రోజు ఆమె భోజనానికి వెళ్లడమే మర్చిపోయింది. ఆ ల్యాబులో ఆమెకు ఒక స్టూలు ఉంది, ఒక సొరుగు ఉంది, సొరుగు మీద ఆమె పేరు ఉంది. ఈ లోకంలో తన పేరు రాసిన సొరుగు ఇంకెక్కడా లేదు.

అందుకే భయం. ఆ సొరుగు పోతుందేమోనని. విదేశీ పిల్లలందరికీ ఉండే జబ్బే ఇది. ఇక్కడి పిల్ల తప్పు చేస్తే తిట్టి వదిలేస్తారు. మన పిల్ల తప్పు చేస్తే కాలేజీ తీసేస్తుంది, కాలేజీ తీసేస్తే వీసా పోతుంది, వీసా పోతే పెట్టె సర్దుకుని విమానం ఎక్కడమే. ఫలానా దేశం పిల్లవాణ్ని రెండు రోజుల్లో పంపేశారట, ఫలానా పిల్ల ఏదో చిన్న పొరపాటు చేస్తే అంతటితో చదువు అయిపోయిందట. ఉమ్మడి వంటగదిలో టీ కాచుకుంటూ చెప్పుకునే కథలివి. ఏ కథలోనూ మనిషి పేరుండదు, ఊరి పేరుండదు. అయినా విన్న ప్రతివాళ్లూ నమ్ముతారు. బెగిమాయ్ అందరికంటే ఎక్కువ నమ్మింది.

ఆమె గదిలో ఉండే రెండో పిల్ల బ్రెన్నా. పాడి ఆవులున్న రైతుల ఇంటి పిల్ల. పెద్దగా నవ్వుతుంది, మేజోళ్లు ఎక్కడ పడితే అక్కడ విప్పేస్తుంది, బెగిమాయ్‌ని ముద్దుగా బెగీ అంటుంది. ఆకులు రాలే రోజుల్లో ఒక మధ్యాహ్నం మంచం మీద బోర్లా పడుకుని, ఉన్నట్టుండి ఆ మాట అంది.

"క్రిస్మస్‌కి మా ఇంటికి వచ్చెయ్ బెగీ. మా అమ్మకి నిన్ను చూడాలని ఉందట. మా ఆవుల్ని కూడా చూద్దువుగాని."

"అయ్యో, ఎందుకులే," అంది బెగిమాయ్. లోపల మాత్రం గంతులేసింది. ఒకసారి అయింది, ఇంకా రెండున్నాయి అనుకుంది.

ఆ సంగతి ఫోనులో చెప్పగానే జూరా ఆగలేదు. మా పిల్లను పిలిచిన ఇంటికి ఉత్తి చేతులతో పంపుతామా అని, తన చేత్తో కుట్టిన చిన్న ఉన్ని తివాచీ, ఎర్రటి మేకకొమ్ముల ముగ్గుతో, ఇటు వస్తున్న ఎవరి చేతికో ఇచ్చి పంపింది. సెలవుల్లో హాస్టల్ మూసేస్తారు. వెళ్లే చోటు లేని విదేశీ పిల్లలు ముందుగా అడిగితే వేరే భవనంలో గది ఇస్తారు. ఆఫీసులో డీన్ హాల్‌స్ట్రమ్ గారు నీకూ గది కావాలా అని అడిగితే, అక్కర్లేదండీ, బ్రెన్నా వాళ్లింటికి వెళ్తున్నాను అని బెగిమాయ్ తలెత్తుకుని చెప్పి వచ్చింది.

పరీక్షలు అయిపోయాయి. బ్రెన్నాని తీసుకెళ్లడానికి వాళ్లన్న ట్రక్కు తెచ్చి కింద హారన్ కొడుతున్నాడు. బ్రెన్నా సంచి భుజాన వేసుకుని గుమ్మంలో ఆగింది.

"అయితే ఏమంటావ్ బెగీ, వస్తున్నావా? లేక వేరే ఏమైనా అనుకున్నావా? బలవంతమేం లేదు సుమా."

బలవంతం లేదట! బలవంతం లేకపోతే అదేం పిలుపు? నారిన్‌లో అలా పిలిస్తే రావద్దని చెప్పినట్టే. బెగిమాయ్ పెట్టె సర్ది మంచం కింద ఉంది, పైన తివాచీ మడత పెట్టి ఉంది. కాళ్లు వెళ్లాలంటున్నాయి. నోరు మాత్రం తనకు వచ్చిందే పలికింది.

"వద్దులే బ్రెన్నా. మీకెందుకు శ్రమ."

బ్రెన్నా మొహం కాస్త చిన్నబోయింది. బెగిమాయ్ అది చూసింది కానీ, హమ్మయ్య అనుకుంటోంది కాబోలు అనుకుంది. "సరే, నీ ఇష్టం," అంది బ్రెన్నా. గట్టిగా కౌగిలించుకుని మెట్లు దిగి వెళ్లిపోయింది. బెగిమాయ్ కిటికీ దగ్గర నిలబడింది. ట్రక్కు మలుపు దాకా వెళ్లి ఆగుతుందనుకుంది. మంచం మీద బ్రెన్నా చేతి తొడుగులు మర్చిపోయింది, కనీసం వాటికోసం వెనక్కి వస్తుంది, అప్పుడు మూడోసారి అడుగుతుంది అనుకుంది. ట్రక్కు రాలేదు.

ఫోన్ చేసి నేనూ వస్తానని చెప్పొచ్చుగా అంటారు మీరు. చెప్పొచ్చు. కానీ వద్దన్న నోటితోనే నన్ను పిలవండని అడుక్కోవడం కంటే ఆ పిల్లకు ఆ మంచులో పడుకోవడమే నయమనిపించింది. ఆఫీసు దాకా మాత్రం వెళ్లింది. అద్దం తలుపు అవతల డీన్ గారు కోటు వేసుకుంటున్నారు. లోపలికి వెళ్తే ఏం చెప్పాలి? మొన్న చోటుందన్నావు, ఇవాళ లేదంటున్నావు, ఏది అబద్ధం అని అడిగితే? అబద్ధాలకోరని రాసేస్తే? వెనక్కి తిరిగి వచ్చేసింది. మర్నాటి నుంచి హాస్టల్ తలుపుకి ఆమె కార్డు పనిచెయ్యలేదు. కానీ అప్పటికి ఆమె లోపలే ఉంది.

అప్పటినుంచి ఆ పిల్ల పడ్డ భయం ఇంతా అంతా కాదు. అంత పెద్ద భవనంలో ఒక్కతే. లైటు వేస్తే బయటికి కనిపిస్తుంది. కుళాయి తిప్పితే గొట్టాలు మూలుగుతాయి. హీటర్లు తగ్గించేశారు కాబట్టి కోటు వేసుకునే పడుకునేది. మంచానికీ అల్మారాకీ మధ్య నేల మీద చోటు చేసుకుని, కిటికీ ఎత్తుకి తల రాకుండా కూర్చునేది. డైనింగ్ హాలు మూసేముందు సంచిలో వేసుకున్న ఆపిల్ పళ్లు, వేరుశనగ ముద్ద, అట్టడబ్బా నూడిల్స్. అంతే తిండి. నీళ్లు కాచే కెటిల్ ఆన్ చెయ్యాలన్నా గుండె దడదడలాడేది. మెట్లు కిర్రుమన్నా, పైకప్పు మీంచి మంచు జారిపడ్డా, అయిపోయింది, వచ్చేశారు అనుకునేది. ఇంట్లోవాళ్లను తలుచుకుంటే ఏడుపొస్తుందని రాళ్లను తలుచుకునేది. సొరుగులో ఏ రాయి పక్కన ఏ రాయి ఉందో లోలోపల వల్లెవేసేది.

రోజూ మధ్యాహ్నం కాపలాదారు వెర్న్ వచ్చేవాడు. లావుపాటి మనిషి, తాళాల గుత్తి గలగలమంటుంది, ఒకటే పాట ఈలవేస్తాడు, అదీ సగం దాకా వెళ్లి మళ్లీ మొదటికి వస్తుంది. వరండాలన్నీ ఒకసారి చూసి పోయేవాడు. ఒకరోజు మాత్రం కిటికీలు సరిగ్గా మూశారో లేదో చూడ్డానికి ఒక్కో గదీ తెరవడం మొదలుపెట్టాడు. ఈల దగ్గరికి వస్తోంది. బెగిమాయ్‌కి ఎటు వెళ్లాలో తోచలేదు. బ్రెన్నా అల్మారాలో దూరి, వేలాడుతున్న కోట్ల వెనక ఊపిరి బిగబట్టి నిలబడింది. తాళం తిరిగింది. బూట్ల చప్పుడు గది మధ్యకు వచ్చి ఆగింది. వెర్న్ ఈల ఆపేశాడు.

"ఇదేం వాసన?" అనుకున్నాడు పైకే.

ఆ ఉదయమే నూడిల్స్ వండుకుంది. చేతిలో ఫోనుంది. అది మోగితే ఇక అంతే సంగతులు. దేవుడా, అమ్మ ఇప్పుడు తలుచుకోకూడదు, నాన్న తలుచుకోకూడదు, ఎవరూ తలుచుకోకూడదు అని మొక్కుకుంది. వెర్న్ కిటికీ గడియ లాగి చూశాడు, ముక్కు ఎగబీల్చాడు, వెళ్లిపోయాడు. పక్క గది తలుపు తెరిచిన చప్పుడయ్యాక గానీ ఆమె ఊపిరి వదల్లేదు.

వాళ్లమ్మ ఆ సాయంత్రమే ఫోన్ చేసింది. ఇక్కడ పొద్దుగూకితే అక్కడ తెల్లవారుతుంది. తెర మీద జూరా మొహం, వెనక పొయ్యి మీద పాలు, పక్కన పళ్లెంలో అప్పుడే నూనెలో వేయించిన బోర్సోక్ రొట్టెముక్కలు. చూస్తే నోట్లో నీళ్లూరాయి, కళ్లలోనూ ఊరాయి.

"ఇంటావిడ ఏదే? ఇవాళైనా చూపించు. ఒక మంచి మాట చెప్పుకుంటాను."

"చర్చికి వెళ్లారమ్మా."

"మొన్నా చర్చికేగా వెళ్లింది?"

"పండగ కదమ్మా. రోజూ వెళ్తారు."

"అంత చీకట్లో కూర్చున్నావేం?"

"చెట్టుకి రంగు దీపాలు పెట్టారు. అవి బాగా కనపడాలని లైట్లు తీసేస్తారు."

జూరా నమ్మింది. తల్లి కదా, పిల్ల సుఖంగా ఉందంటే నమ్మడానికే చూస్తుంది. తివాచీ ఇచ్చావా అని అడిగింది. ఇచ్చానంది. ఏమందని అడిగింది. గుండెకు హత్తుకుందని చెప్పింది. తివాచీ అప్పుడు ఆమె కిందే ఉంది, నేల చలి తగలకుండా దాని మీదే కూర్చుంది.

"భోజనానికి పిలిచినప్పుడు మొదట వద్దన్నావా? ఆకలిదానిలా వెంటనే కూర్చుని మా పరువు తియ్యలేదు కదా?"

"లేదమ్మా. వద్దనే అన్నాను."

"నా గుర్రప్పిల్లవే నువ్వు. మర్యాద తెలిసిన పిల్లవి," అని ముద్దు చేసింది జూరా, కడుపు నిండిపోయినట్టు.

ఫోన్ పెట్టేశాక బెగిమాయ్‌కి ఎందుకో నవ్వొచ్చింది. నవ్వు నవ్వుగా మొదలై ఏడుపులోకి తిరిగింది. చప్పుడు బయటికి పోకుండా బ్రెన్నా దిండులో మొహం పెట్టుకుంది.

తిండి అయిపోయింది. బయటికి వెళ్లక తప్పలేదు. నేలమాళిగలో బట్టలు ఉతుక్కునే గదికి వెనక ఒక తలుపుంది. లోపలినుంచి తెరుచుకుంటుంది, మూసుకుంటే మాత్రం బయటినుంచి కార్డు కావాలి. గడియ పడకుండా సందులో అట్టముక్క మడిచి పెట్టింది. తల వంచుకుని కొట్టుకి వెళ్లి, రొట్టె, గుడ్లు కొనుక్కుని, అదే తలుపులోంచి వచ్చేసింది. ఎవరూ చూడలేదన్న సంబరంలో తలుపు దగ్గరికి లాగి పైకి పరిగెత్తింది. అట్టముక్క తియ్యడం మర్చిపోయింది.

ఆ రాత్రి గాలి లేచింది. ఇక్కడివాళ్లే బయటికి రాని చలి అది, కనురెప్పలు అంటుకుపోతాయి. మర్నాడు సాయంత్రం, ఇంకా కాస్త వెలుతురు ఉండగానే, బెగిమాయ్‌కి ఎక్కడో నీళ్ల చప్పుడు వినిపించింది. ఎవరో స్నానం చేస్తున్నట్టుంది. భవనంలో ఇంకో మనిషి ఉన్నాడా? పై ప్రాణాలు పైనే పోయాయి. మేజోళ్లతోనే గోడ పట్టుకుని, ఒక్కో మెట్టూ దిగుతూ వెళ్లింది.

మనిషి లేడు. వెనక తలుపు బార్లా తెరుచుకుని గాలికి కొట్టుకుంటోంది. దాని పక్కనున్న గొట్టం గడ్డకట్టి పగిలి నీళ్లు చిమ్ముతోంది. నేలంతా మడమల లోతు నీళ్లు. ఆ నీళ్ల మీద ఆమె అట్టముక్క తేలుతోంది.

నేను చేశాను. ఇది నేనే చేశాను. దొంగతనంగా ఉండడమే కాకుండా భవనం ముంచేశాను. ఇంక తిట్లతో పోదు. ఈ అట్టముక్కతోనే నా సొరుగు పోయింది అనుకుంది. గొట్టానికి చేతులు అడ్డం పెట్టింది. నీళ్లు వేళ్ల సందుల్లోంచి మొహాన కొట్టాయి. ఏ మర తిప్పాలో తెలియదు. పైకి పరిగెత్తింది. కోటు వేసుకుంది, పెట్టె తీసింది, తివాచీ చుట్టి చంకన పెట్టుకుంది. వెళ్లిపోతే? ఊరి చివర బస్సులు ఆగే చోట కూర్చుంటే? ఇక్కడ ఉన్నట్టు ఎవరికీ తెలియదు. గాలికి తలుపు తెరుచుకుంది, గొట్టం పగిలింది, అంతే. ఎవరినీ ఎవరూ ఏమీ అనరు.

పెట్టె పట్టుకుని కిందికి వచ్చింది. ముందు తలుపు ఎదురుగా ఉంది. కింద నీళ్లు సామాన్ల గది గుమ్మం దాటుతున్న చప్పుడు వినపడుతోంది. దూరదేశాల పిల్లలు మోసుకెళ్లలేని సామాన్లన్నీ ఆ గదిలోనే పెడతారు. ఘనా పిల్ల ఎఫువా వాళ్ల నాయనమ్మ కట్టుకున్న బట్టలు ఒక అట్టపెట్టెలో పెట్టి, పైన పెద్ద అక్షరాలతో జాగ్రత్త అని రాసి, నేల మీద గోడవారగా నెట్టడం బెగిమాయ్ చూసింది. ఆ నాయనమ్మ ఇప్పుడు లేదు. బెగిమాయ్ పెట్టె కింద పెట్టేసింది. తన కార్డు వెనకున్న నంబరుకి ఫోన్ చేసింది.

"నీళ్లు వస్తున్నాయండీ. గొట్టం పగిలింది. హాస్టల్లో."

"హాస్టల్ మూసేశారుగా," అన్నాడు అవతల వెర్న్. "నువ్వెక్కడినుంచి మాట్లాడుతున్నావ్?"

చెప్పకుండా పెట్టేయొచ్చు. ఇంకా అవకాశం ఉంది.

"లోపలినుంచేనండీ," అంది.

వెర్న్ వచ్చేసరికి ఆమె సగం పెట్టెలు మెట్ల మీదికి చేర్చింది. ఎఫువా పెట్టె అన్నిటికంటే పై మెట్టు మీద ఉంది. వెర్న్ ఎక్కడో గోడలో ఒక మర తిప్పాడు, నీళ్లు ఆగాయి. తర్వాత వంగి అట్టముక్కను తీసి నీళ్లు పిండాడు. ఆమె వైపు చూడకుండా అడిగాడు.

"ఇది ఎవరు పెట్టారో నీకేమైనా తెలుసా?"

అటు తిరిగి అడగడంలోనే ఆయన ఆమెకు దారి వదిలాడు. తెలియదంటే సరిపోయేది. కానీ అబద్ధాలు మోసి మోసి ఆ పిల్ల అలిసిపోయింది.

"నేనేనండీ. అన్నీ నేనే."

కాపలా గదిలో హీటరు పక్కన కూర్చోబెట్టి, తన కోటు కప్పి, వెర్న్ రెండు కప్పులు తీశాడు. ఆ రోజు నూడిల్స్ వాసన వచ్చిందని, ఎవరో వెళ్తూ వెళ్తూ తిన్నారనుకున్నానని చెప్పాడు.

"కాఫీ తాగుతావా అమ్మాయ్?"

"వద్దండీ."

"సరే," అని ఒక కప్పు బోర్లించేశాడు. రెండోదాంట్లో పోసుకుని తాగడం మొదలుపెట్టాడు.

బెగిమాయ్ ఆ బోర్లించిన కప్పు వైపే చూస్తూ ఉండిపోయింది. ఒళ్లంతా వణుకుతోంది. కాఫీ వాసన గదంతా ఉంది. ఆయనలో కోపం లేదు, పిసినారితనం లేదు. అడిగాడు, వద్దంది, సరేనన్నాడు. బ్రెన్నా కూడా ఇలాగే సరే అంది. అప్పుడు ఆ చిన్నబోయిన మొహం గుర్తొచ్చింది. అది హమ్మయ్య అనుకున్న మొహం కాదు. ఆ సంగతి ఇప్పుడు తెలిసింది.

"సార్."

"ఏంటి?"

"కాఫీ కావాలండీ. ఇందాక వద్దన్నాను గానీ, కావాలి."

"కావాలంటే కావాలని చెప్పొచ్చుగా తల్లీ. నేనేమైనా జ్యోతిష్యం చెప్తానా?" అని వెర్న్ కప్పు తిప్పి నిండా పోశాడు.

తర్వాత డీన్ గారికి ఫోన్ చేశాడు. ఆ పిల్ల బ్రెన్నా వాళ్లింట్లో ఉండాలి కదా అని ఆవిడ ఆశ్చర్యపోయారట. సెలవులయ్యాక విచారణ ఉంటుంది, ఈలోగా ఆ ఇంటివాళ్లను కనుక్కోమన్నారట. విచారణ అన్న మాట వినగానే బెగిమాయ్ కప్పు కింద పెట్టేసింది. వెర్న్ బ్రెన్నా ఇంటికి కలిపి ఫోన్ బల్ల మీద పెట్టాడు. పలికింది బ్రెన్నా తల్లి డార్లీన్. అంతా విని ఆమె అంది.

"రానందట అని బ్రెన్నా చెబితే మేమంటే ఇష్టం లేదేమో అనుకున్నాను. మేడ మీద గదిలో పిల్లకోసం పక్క వేసి పెట్టాను. ఇప్పటికీ అలాగే ఉంది. ఇప్పుడైనా వస్తుందేమో అడగండి."

వెర్న్ ఆమె వైపు తిరిగాడు. వస్తావా?

నాలుక చివర వద్దన్న మాట సిద్ధంగా ఉంది. చిన్నప్పటినుంచీ ఉన్న మాట, ఎక్కడికి పోతుంది! గొట్టం పగిలినప్పుడు కూడా ఆ పిల్లకు అంత భయం వెయ్యలేదు. సిగ్గుతో చెవులు కాలిపోతుంటే కళ్లు మూసుకుంది.

"వస్తానండీ," అంది.

బ్రెన్నా, వాళ్లన్నా ట్రక్కు వేసుకుని అప్పటికప్పుడు వచ్చారు. దారిపొడుగునా బ్రెన్నా ఏడుస్తూ తిడుతూనే ఉంది. మూడుసార్లు అడగాలని నాకెలా తెలుస్తుంది, చెప్పాలిగా అంది. చెబితే ఇక అది మర్యాద ఎలా అవుతుంది అంది బెగిమాయ్. ఇద్దరికీ ఇద్దరూ పిచ్చివాళ్లలా కనిపించారు.

ఆ ఇంట్లో అన్నీ ఉన్నాయి. రంగు దీపాల చెట్టు ఉంది, ఆవులున్నాయి, వేడి వేడి రొట్టెలున్నాయి. ఒక్క ముద్ద సరిగ్గా దిగితే ఒట్టు. విచారణ, విచారణ అని లోపల కొట్టుకుంటూనే ఉంది. తివాచీ ఇచ్చినప్పుడు ఒక మూల ఇంకా తడిగానే ఉంది, డార్లీన్ దాన్ని పొయ్యి దగ్గర ఆరేసింది. జూరా ఫోన్ చేసినప్పుడు డార్లీన్ తెర ముందుకొచ్చింది. ఇన్నాళ్లూ నా పిల్లను వెచ్చగా పెట్టుకున్నారు, మీ పొయ్యి ఎప్పుడూ చల్లారకూడదు అంది జూరా. ఆ మాటను బెగిమాయ్ ఉన్నదున్నట్టు ఇంగ్లీషులో చెప్పింది. డార్లీన్ ఒక్క క్షణం బెగిమాయ్ వైపు చూసింది. తర్వాత తెర వైపు తిరిగి, పిల్ల మాకేం బరువు కాలేదని చెప్పమంది. గొంతు వణికింది. జూరాకి భాష తెలియదు గనక ఆ వణుకు సంతోషమనుకుంది.

సెలవులు అయిపోయాయి. విచారణ రోజున బెగిమాయ్ ముందు ల్యాబుకి వెళ్లి సొరుగు తెరిచి, మూసి, వచ్చింది. మళ్లీ తెరుస్తానో లేదో అనుకుంది. డీన్ హాల్‌స్ట్రమ్ గారి గదిలో వెర్న్ కూడా ఒక మూల కూర్చున్నాడు. తనంతట తనే ఫోన్ చేసిందని, అడిగినదానికి నిజం చెప్పిందని ఆయన అప్పటికే చెప్పేశాడట. డీన్ గారు నెమ్మదైన మనిషి. కోప్పడలేదు. కోప్పడకపోవడం చూసి బెగిమాయ్‌కి ఇంకా భయమేసింది. తీసేసేటప్పుడే ఇలా మెత్తగా మాట్లాడతారని వంటగదిలో విన్న కథలన్నిట్లోనూ ఉంది.

"జరిగింది చిన్న తప్పు కాదు," అన్నారు డీన్ గారు. "కానీ నిన్ను పంపేయాలని నేననుకోవడం లేదు. ఇలాంటప్పుడు కొందరు పిల్లలు ఒక ఏడాది ఇంటికి వెళ్తారు. నీకూ అదే నయమనిపిస్తే మేం తప్పుపట్టం. ఉంటే మాత్రం కొన్ని షరతులుంటాయి. బలవంతమేం లేదు. ఉంటావా, వెళ్తావా?"

నారిన్‌లో పెద్దవాళ్లు ఇలా అడిగితే చెప్పాల్సిన జవాబు ఒక్కటే. మీరెలా అంటే అలా. తల వంచుకుని ఆ మాట అంటే పెద్దవాళ్లు కరిగిపోతారు, ఛ ఛ, నిన్ను పంపుతామా అంటారు. ఆ మాట బెగిమాయ్ గొంతు దాకా వచ్చింది. డీన్ గారు జవాబు కోసం చూస్తున్నారు, చేతిలో కలం ఉంది. మూలనున్న వెర్న్ ఎందుకో తన కాఫీ కప్పు వైపు చూసుకున్నాడు. ఆ కప్పు చూడగానే బెగిమాయ్‌కి ఆ రాత్రి ఆయన బోర్లించిన కప్పు గుర్తొచ్చింది. ఇక్కడ మీ ఇష్టం అంటే తన ఇష్టం పోయినట్టే. మళ్లీ అడగరు. ఇంత పెద్ద మాట, బతుకంతా ఆధారపడ్డ మాట, ఇదీ ఒక్కసారే అడుగుతారు.

"ఉంటానండీ," అంది. గొంతు మరీ పెద్దగా వచ్చింది, తనకే అదిరిపాటుగా వినిపించింది. అయినా ఆగలేదు. "నాకు ఉండాలనుంది."

డీన్ గారు తలెత్తి ఆమె మొహంలోకి చూశారు.

"సరే," అన్నారు. మళ్లీ అడగలేదు.